నడవ వెడల్పు

పిన్నికి,

నీ ఉత్తరం అంది మూడు వారాలైంది. ఫోన్ చేసి చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్లో నీకు సగం మాటలు వినబడవు, మిగతా సగం వినబడనట్టు నటిస్తావు. అందుకే కాగితం తీశాను. కాగితమైతే కళ్ళజోడు తుడుచుకుని, వేలు పెట్టి, నిదానంగా చదువుతావు. నా నుంచి నువ్వు తప్పించుకోలేవు. నేనూ తప్పించుకోలేను.

"ఇల్లు కురుస్తోంది. పడగొట్టి కట్టిస్తానంటున్నాడు నీ తమ్ముడు. ఊళ్ళోవాళ్ళందరికీ ప్లాన్లు గీస్తావు, నాకూ ఒకటి గీసి పెట్టు" అని మూడే మూడు ముక్కలు రాశావు. గీయకూడదని కాదు పిన్నీ. ఇక్కడి పనిలో పీకలదాకా మునిగి ఉన్నాను. అదేమిటో చెబితే ఆలస్యానికి నన్ను తిట్టవని ఆశ.

మా పేటలో పాత బస్సుల షెడ్డు ఒకటుంది. బస్సులు కొత్త చోటికి వెళ్ళిపోయి నాలుగేళ్ళయింది. దాన్ని పేటవాళ్ళందరూ వచ్చి కూర్చునే చోటుగా మార్చమని నాకు అప్పగించారు. చదువుకోవడానికి ఒక గది, పెద్దవాళ్ళు కబుర్లాడుకోవడానికి నీడ, పిల్లలు పరిగెత్తడానికి జాగా, అంతే వాళ్ళడిగింది. పెద్ద ఇంజనీరుగారు మొదటి రోజే తేల్చేశారు. "ఇది పడగొట్టేద్దాం. అద్దాల బిల్డింగు లేపుదాం. లోపల ఏసీ." నేను, "ఒక్క నెల ఆగండి, ముందు కుర్చీలు వేసి చూస్తాను" అన్నాను. ఈవిడకి ఎక్కడో మర వదులైందని ఆయన అనుకోవడం నాకు ఆయన మొహంలో స్పష్టంగా కనిపించింది.

ఇంటింటికీ తిరిగి అటకల మీద పడి ఉన్న పాత కుర్చీలు ఇరవై మూడు పోగేశాను. ఒకదానికి చెయ్యి లేదు. ఒకదానికి వీపు లేదు. ఒకటి, ఎవరు కూర్చున్నా మూలుగుతుంది. అన్నిటినీ షెడ్డు ముందు వరసగా పెట్టి, "ఎవరికి ఎక్కడ కావాలంటే అక్కడికి లాక్కోండి. తిరిగి సర్దకండి" అని బోర్డు రాశాను. రోజూ సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక, ప్రతి కుర్చీ ఆగిన చోట నేల మీద సున్నంతో ఒక చుక్క పెడతాను. మనుషుల్ని అడిగితే మర్యాదకి ఏదో ఒకటి చెబుతారు. కుర్చీలకి మొహమాటం ఉండదు.

ఆ వేళకి షెడ్డును నువ్వు చూడాలి పిన్నీ. రేకుల కంతల్లోంచి వెలుతురు సన్నటి కర్రల్లా నేల మీదికి దిగుతుంది. అందులో దుమ్ము తొందరేమీ లేనట్టు తిరుగుతూ ఉంటుంది. కుర్చీలన్నీ మాట మధ్యలో ఆపి నన్ను చూస్తున్నట్టు ఉంటాయి. నాకు కలలో కూడా అవే. ఇరవై మూడూ వీధి వెంబడి మెల్లగా నడుచుకుంటూ వచ్చి, నా మంచం చుట్టూ చేరతాయి. ఏమీ అడగవు. నేను ఏదో చెబుతానని కాచుకుని ఉంటాయి.

షెడ్డుకీ పాత సామాన్ల గదికీ మధ్య ఒక ఇరుకు సందుంది. నా మొదటి ప్లానులో దాన్ని మూసేసి చీపుర్లూ బకెట్లూ పెట్టుకునే గది చేశాను. ఎందుకూ పనికిరాని చోటని నా లెక్క. రోజూ అక్కడ ఒక కుర్చీ ఉండేది, చెయ్యి లేని ఎర్రది. రెండో వారానికి మూడయ్యాయి. నెలాఖరుకి సున్నం చుక్క మీద చుక్క పడి ఆ సందంతా తెల్లబారింది. ఒక మధ్యాహ్నం వెళ్ళి చూస్తే ఎర్ర కుర్చీలో ఒక పెద్దాయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఆ షెడ్డులోనే ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపిన డ్రైవరు.

"తాతగారూ, ఇక్కడేముందని? ఎదురుగా గోడ తప్ప చూడ్డానికి ఏమీ లేదు కదా" అన్నాను.

"చూడ్డానికి ఎవరొచ్చారమ్మా?" అన్నాడు కళ్ళు తెరవకుండానే. "గాలి కోసం వచ్చా. గాలీ బస్సులాంటిదే. వచ్చే గేటొకటి, పోయే గేటొకటి ఉండాలి. ఒకటే గేటైతే లోపలికొచ్చి పడుకుంటుంది, ఇక కదల్దు. నా బండి ఎప్పుడూ ఈ సందు పక్కనే పెట్టేవాణ్ణి. అందరికంటే ముందు నా ఇంజనే చల్లారేది."

ఒక కర్రకి దారప్పోగు కట్టి సందులో నిలబెట్టాను. పోగు నేలకి సమంగా లేచి, పొద్దుగూకేదాకా దిగలేదు. ఇంటికొచ్చి చీపుర్ల గది చెరిపేశాను. ఇప్పుడు ఆ సందే మొత్తం కట్టడానికి నడుము. సామాన్ల గది గోడ విప్పి ఆ ఇటుకలతోనే అటూ ఇటూ అరుగులు కడతాం. గాలి వచ్చే వైపు కింద కిటికీలు, పోయే వైపు పైన కంతలు పెడతాం. రేకుల మీద పడ్డ వాన నేల కింది తొట్టిలోకి పోతుంది. ఏసీ ఊసే లేదు. "కుర్చీల కాపరిగారూ, తలుపులకి ఏ రంగు వేయాలో కూడా మీ మందనే అడిగి చెప్పండి" అంటున్నారు ఇంజనీరుగారు. సంతకం మాత్రం పెట్టారు.

నీ ప్లాను సంగతి తీరిగ్గా రాస్తాను. వానలో గిన్నెలు పెట్టుకుంటూ అటూ ఇటూ పరిగెత్తి జారిపడకు.

నీ
పిల్లంగోవి


పిన్నీ,

పోయిన ఉత్తరంలో ఒక అబద్ధం ఉంది. పని ఎక్కువగా ఉన్నమాట నిజమే. నీ ప్లాను గీయకపోవడానికి కారణం మాత్రం అది కాదు.

ఇప్పటికి నాలుగుసార్లు కాగితం పరిచాను. ముందు గది, ఇస్త్రీ బట్టల మూటలు పెట్టే చోటు, లోపలి గది, వంటిల్లు, పెరడు, అన్నీ కళ్ళు మూసుకుని గీయగలను. నడవ దగ్గరికి వచ్చేసరికి పెన్సిలు ఆగిపోతుంది. చెక్కుతాను, మళ్ళీ పెడతాను, మళ్ళీ ఆగుతుంది. నిన్న ఇక పెన్సిలు మీద నెపం వేయడం మానేశాను.

అమ్మ పోయాక ఆరేళ్ళ నన్ను నీ ఇంటికి తెచ్చుకున్నావు. నీ పిల్లలు, తమ్ముడూ చెల్లీ, లోపలి గదిలో నీకు చెరో పక్కన పడుకునేవాళ్ళు. నాకు నడవలో, వీధి తలుపుకీ పెరటి తలుపుకీ మధ్య, మడత మంచం వేశావు. ఇస్త్రీకి బట్టలిచ్చేవాళ్ళూ తీసుకెళ్ళేవాళ్ళూ నా మంచాన్ని తప్పించుకుంటూ పోయేవాళ్ళు. ఒకావిడ, "ఎవరీ పిల్ల, దారికడ్డంగా?" అంది. నువ్వు "మా అక్క కూతురు" అన్నావు. "మా అమ్మాయి" అంటావేమోనని నేను దుప్పట్లోంచి చెవి బయటపెట్టి విన్నాను. ఆ చెవిని మళ్ళీ లోపలికి లాక్కున్న సంగతి ముప్ఫై ఏళ్ళయినా మరిచిపోలేదు.

ఆ మంచం ఊగేది, తెలుసా? అక్కడ నేలలో నాలుగు గుంటలుండేవి. మంచం కాళ్ళు వాటికి సరిపోయేవి కావు. ఏదో ఒక కాలు గుంటలోకి దిగేది, నేను కాగితం మడిచి కింద పెట్టుకునేదాన్ని. పక్క గోడకి కొట్టిన చెక్క మీద నల్లటి మచ్చ ఒకటి ఉండేది, ముందు కోసుగా, వెనక వెడల్పుగా, పడవలా. పడుకుని దాని అంచు వెంబడి వేలు పోనిచ్చేదాన్ని. అలా వేలు తిప్పుతుంటే మంచం నీళ్ళ మీద ఉన్నట్టు ఊగేది. ఆ పడవెక్కి అమ్మ దగ్గరికి వెళ్ళిపోవచ్చని గట్టిగా నమ్మాను. వెళ్ళే దారి కనిపించే లోపలే ఎప్పుడూ నిద్రపట్టేసేది.

ఒక వానరోజు మధ్యాహ్నం, నువ్వు పెరట్లో ఉన్నప్పుడు, లోపలి గదిలోకి వెళ్ళి తమ్ముడికీ చెల్లికీ మధ్య దూరి పడుకున్నాను. ఎంత వెచ్చగా ఉందో అక్కడ. కాసేపటికి నువ్వొచ్చావు. ఒక్క మాటా అనకుండా నన్ను ఎత్తుకుని, నడవలోకి తెచ్చి, మడత మంచం మీద దింపేసి వెళ్ళిపోయావు. నేను నిద్రపోతున్నట్టు కళ్ళు మూసుకునే ఉన్నాను. ఈ ఇంట్లో నా చోటు ఇదీ అని ఆ రోజు అర్థమైంది. అప్పట్నుంచి నిన్ను ఏదీ అడగలేదు. నువ్వు గమనించావో లేదో, రెండో గ్లాసు నీళ్ళు కూడా అడిగి తాగలేదు.

నువ్వు నాకు ఏం తక్కువ చేశావని అడిగితే చెప్పడానికి ఏమీ లేదు. చదివించావు. జ్వరమొస్తే పక్కనే కూర్చున్నావు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటారు కదా, నేను దాన్నే వృత్తిగా చేసుకున్నానేమో. అందరికీ కూర్చునే చోటు చూపించే పని ఎందుకు ఎంచుకున్నావని అడుగుతుంటారు. దారిలో పడుకున్న పిల్లకి చోటు విలువ తెలుస్తుందని చెప్పలేక నవ్వి ఊరుకుంటాను.

అందుకని నీ ఇల్లు నేను గీయను పిన్నీ. నాకు ఒక స్నేహితుడున్నాడు, నాకంటే మంచి పనివాడు. వచ్చే నెల మొదట్లో వచ్చి కొలతలు తీసుకుంటాడు. నీకు ఏం కావాలో అతనికి చెప్పు. నడవని ఏం చేస్తాడో నాకు మాత్రం చెప్పొద్దు.

ఇది రాసి నిన్ను బాధపెడుతున్నానని తెలుసు. రాయకుండా గీస్తే ఆ ఇంటి గోడలు వంకర పోతాయి.

నీ అక్క కూతురు


ఒసే పిల్లంగోవీ,

అక్క కూతురని సంతకం పెట్టావు. బాగుంది. నీ ఉత్తరం మొదటిసారి చదివితే ఏడుపొచ్చింది, రెండోసారి కోపమొచ్చింది. మూడోసారికి నవ్వు వస్తుందేమోనని చూస్తున్నా, ఇంకా రాలేదు. చెయ్యి వణుకుతుంది, అక్షరాలు అటూ ఇటూ పోతే నువ్వే లాక్కొచ్చి చదువుకో.

ఇరవై మూడు కుర్చీల మనసులో ఏముందో కనిపెట్టావు కదా. నీ మంచం కింద నాలుగు గుంటల్ని ఒక్కసారి అడగలేదేమే?

అవి నా ఇస్త్రీ బల్ల కాళ్ళవి. నువ్వు రాకముందు ఏడేళ్ళు ఆ బల్ల అక్కడే ఉంది. బొగ్గుల పెట్టె బరువు నీకు తెలియదు. దించి ఎత్తి, దించి ఎత్తి, నేలే లోపలికి పోయింది. నడవలోనే ఎందుకు పెట్టానంటే బొగ్గులు ఆరిపోకుండా ఉండాలంటే గాలి ఆడాలి. విసనకర్రతో విసిరి పెట్టడానికి మీ బాబాయి నెలకి నాలుగు రోజులు కూడా ఇంట్లో ఉండేవాడు కాదు. గాలే నాకు తోడు. ఏ మూల గాలి ఆడుతుందో, ఏ మూల చచ్చిపడి ఉంటుందో నాకు బూడిద చెప్పేది. ఒక్క నిప్పురవ్వ పరాయివాళ్ళ చీర మీద పడితే నా పని అయిపోయినట్టే కదా, అందుకని బూడిద ఎటు ఎగురుతుందో చూస్తూనే ఉండేదాన్ని. మీ డ్రైవరు తాతగారికి నా నమస్కారం చెప్పు. ఆయన చెప్పింది రైటు.

నువ్వెక్కి వెళ్ళిపోదామనుకున్న పడవ నా ఇస్త్రీ పెట్టె. మీ అమ్మ పోయిందని కబురు తెచ్చిన మనిషి వీధి గుమ్మంలో నిలబడి చెబుతుంటే, చేతిలో ఉన్న పెట్టెని చెక్కకి ఆనించి అలాగే మరిచిపోయా. పొగ వచ్చేదాకా తెలియలేదు. ఆ మచ్చ మీద నీ తమ్ముడు ఎన్నిసార్లు రంగు వేయిస్తానన్నా వద్దన్నాను.

ఇక అసలు సంగతి. మీ అమ్మ చివరి రోజుల్లో ఊపిరి తీస్తుంటే ఛాతీలో ఈల వేసేది. నువ్వు మా ఇంటికొచ్చిన మూడోనాడు, లోపలి గదిలో నా పక్కనే పడుకుని అదే ఈల వేశావు. తెల్లారకముందే నిన్ను డాక్టరు దగ్గరికి ఎత్తుకెళ్ళాను. డాక్టరు మందిచ్చి, "గాలి కదిలే చోట పడుకోబెట్టు, పొగ తగలనీయకు" అన్నాడు. మన ఇంట్లో గాలి కదిలే చోటు ఒకటే. బల్లని లోపలి గదిలోకి జరిపాను. బొగ్గులు పెరటి చివర రాజేసి మోసుకొచ్చేదాన్ని. కిటికీ లేని ఆ గదిలో తొమ్మిదేళ్ళు ఉడికాను. ఉడికితే ఏమైంది, నీ ఊపిరి ఆడింది కదా.

నీకెందుకు చెప్పలేదంటావు. అమ్మని తీసుకుపోయిన జబ్బే నీకూ ఉందని ఆరేళ్ళ పిల్లకి ఏ నోటితో చెప్పను? చెబితే ఊపిరి వింటూ, భయపడుతూ కూర్చుంటావు. అందుకే ఈల వేసే పిల్లకి పిల్లంగోవని పేరు పెట్టి ఆట చేశాను. నీకు పదేళ్ళు వచ్చేసరికి ఈల పోయింది, పేరు మిగిలింది. మళ్ళీ వస్తుందేమోనని నీ మంచం మాత్రం కదపలేదు. అప్పుడు చెబుదామంటే, నువ్వు "ఏం వద్దు పిన్నీ" తప్ప ఇంకో మాట మాట్లాడేదానివి కాదు. మా అక్క కూతురు అన్నానంటావు. మా అక్క మాట ఆ ఇంట్లో రోజుకి ఒక్కసారైనా వినబడాలని అన్నానే. వేరే ఉద్దేశం లేదు.

వానరోజు సంగతి రాశావు. ఆ రోజు నువ్వు నిద్రపోలేదని నాకు తెలుసు. నిద్రపోయే పిల్ల బరువు వేరు, ఏడుపు మింగే పిల్ల బరువు వేరు. ఎత్తుకోగానే తెలిసింది. ఒక్క నిమిషం పక్కన కూర్చుని తల నిమిరి ఉంటే సరిపోయేది. వానకి బొగ్గులు తడిసిపోతున్నాయని పరిగెత్తాను. అది మాత్రం నా తప్పే. మిగతా దేనికీ నేను తల దించుకోను, దీనికి దించుకుంటాను.

నీకు ప్లాను గీయమని ఎందుకు రాశాననుకున్నావు? గొప్ప కోసమా? నీ తమ్ముడు నడవ మూసేసి అక్కడ స్నానాల గది కట్టిస్తానంటున్నాడు. వాడి చిన్నదానికి నాలుగేళ్ళు. రెండు నెలల నుంచి అదీ ఈల వేస్తోంది. మందులు వాడుతున్నారు. నడవ ఉంచరా అంటే, "ఏసీ పెట్టిస్తాలే అమ్మా, నీ చాదస్తం నువ్వూనూ" అంటాడు. నేను చెబితే చాదస్తం. అదే నువ్వు గీసి చెబితే శాస్త్రం. నీ స్నేహితుణ్ణే పంపు, నాకేం పట్టింపు లేదు. నడవకి రెండు తలుపులూ ఉండాలని మాత్రం అతనితో చెప్పి పంపు.

నీకు నేను ఏమవుతానో సంతకంలో రాయడం లేదు. నువ్వే రాసుకో.


మా పిన్నికి,

నీ ఉత్తరం ఎర్ర కుర్చీలో కూర్చుని చదివాను. ఈ మధ్య ఆ సందులో నాకూ ఒక చుక్క పడుతోంది. కాగితం చేతిలో నిలవకుండా ఎగురుతుంటే, పక్కన డ్రైవరు తాతగారు "గట్టిగా పట్టుకోమ్మా, ఇక్కడ గాలి మాట వినదు" అన్నాడు. మా పిన్ని మీకు నమస్కారం చెప్పమందని చెప్పాను. ఎవరావిడ అన్నాడు. నాకు పని నేర్పిన మనిషి అన్నాను. అనేశాక నీ ఉత్తరం మళ్ళీ మొదటి నుంచి చదివాను.

అరిగిన గడపనీ నొక్కుకుపోయిన నేలనీ చూసి అక్కడ ఎవరు ఎలా బతికారో చెప్పే మనిషినని నాకు ఎంత గర్వమో. తొమ్మిదేళ్ళు నాలుగు గుంటల మీద పడుకుని, వాటిలో కాగితాలు కుక్కాను. నన్ను దారిలో పడేశావనుకున్నాను. ఇంట్లో ఉన్న ఒక్క మంచి చోటు నాకిచ్చి నువ్వు తప్పుకున్నావు. దీనికి క్షమించమని అడిగితే నువ్వు తిడతావు. తిట్టు. అడుగుతున్నాను.

రాత్రి కుర్చీలు రాలేదు. కలలో చెక్క మీది పడవ నీళ్ళలోకి దిగింది. నువ్వు నడుపుతున్నావు, చెమటతో, కొంగు నడుముకి దోపుకుని. నేను ముందు కూర్చున్నాను. ఎక్కడికని అడగలేదు. గాలి బాగా తగులుతోంది.

పొద్దున్నే ప్లాను గీశాను. ఈసారి నడవతోనే మొదలుపెట్టాను, పెన్సిలు ఆగలేదు. అమ్మ మాట మళ్ళీ ఇంట్లో వినబడాలన్నావు కదా, ఆ మచ్చ ఉన్న చెక్కని విప్పి జాగ్రత్తగా దాచు, అదే గోడకి తిరిగి వస్తుంది. పాత తలుపులూ ఇటుకలూ పారేయనీయకు, అన్నిటికీ చోటు చూశాను. స్నానాల గది పెరట్లో పడమటి గోడకి పోయింది, ఎండ ముందు దాని మీద పడుతుంది, లోపలి గదికి వేడి తగ్గుతుంది. ఆ గదికి ఈసారి రెండు కిటికీలు. నడవలో నేల మాత్రం తవ్వనీయొద్దు. చిన్నదానికి మందులు మాన్పించొద్దని, గాలి మందుకి తోడే గానీ బదులు కాదని తమ్ముడికి నేనే చెబుతాను. గురువారం వస్తున్నాను. దారప్పోగు తెస్తున్నాను, వాడి కళ్ళ ముందే నిలబెడతాను. స్నేహితుడు రావడం లేదు.

ఏమవుతావో రాసుకోమన్నావు. చాలాసేపు ఆలోచించాను. పిన్నివే. అంతకంటే పెద్ద మాట నాకు దొరకలేదు.

నడవ వెడల్పు ఎంతని తమ్ముడు అడుగుతాడు. ప్లానులో అడుగులు వేయలేదు, మాటల్లో రాశాను, నువ్వే చదివి వినిపించు. ఇప్పుడు నీది కరెంటు పెట్టె, పొగ రాదు. కాబట్టి ఒక పక్క చిన్నదాని మంచం. ఇంకో పక్క, ఆ నాలుగు గుంటల్లో, నీ ఇస్త్రీ బల్ల. మధ్యలో, నువ్వు చెయ్యి చాపితే దాని తల అందేంత.

నీ
పిల్లంగోవి